తెల్లకారు నీలం పొగ

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "చాచా, నిన్ను బాగా సతాయించిన ఇంజిన్ ఏది?" అని అడుగుతుంటారు. వాళ్ళకు కావలసింది చివర్లో ఇంజిన్ స్టార్టయి అందరూ చప్పట్లు కొట్టే కథ. అలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిల్లో సగం నేనే పెంచి చెబుతాను. ఇది ఆ రకం కాదు. ఇందులో రోగాన్ని సరిగ్గానే పట్టుకున్నాను, మందు కూడా సరైనదే చెప్పాను, అయినా ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

నేను జనగామలో డీజిల్ మెకానిక్‌ని. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ నేను భాయ్‌నే. నా షెడ్డుకు నాలుగు దుకాణాల అవతల ఒక లేత్ షాపు ఉండేది. దాని యజమానిని అందరూ మాస్టర్ అనేవాళ్ళు. ఆయనది కోస్తా. పెళ్ళి కాకముందు ఏదో రైస్ మిల్లు ఇంజిన్ బిగించడానికి వచ్చి, ఇక్కడే ఆగిపోయాడు. ఇంజిన్ బ్లాకుకు బోరు కొట్టే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కోసి సాపు చేసే మిషన్ అప్పట్లో మా ఊళ్ళో ఆయన దగ్గరే ఉండేది. లేకపోతే బ్లాకును ఆటోలో వేసుకుని వరంగల్ పోవాలి.

మాస్టర్‌తో పని చేయడం అంత సుఖమేమీ కాదు. చేతులు కడుక్కోకుండా ఆయన కొలతల పెట్టె ముట్టుకుంటే ఆ రోజంతా సణిగేవాడు. తొందరపెడితే పని ఆపి టీ తాగడానికి పోయేవాడు. కాని ఆయన కొట్టిన బోరులో పిస్టన్ దింపుతుంటే చేతికి తెలిసేది, ఆ పని ఎలాంటిదో. మా మాట కూడా బాగా పట్టుకున్నాడు. జనగామలోనే పుట్టిన మనిషి అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. కోపం వచ్చినప్పుడు, భయం వేసినప్పుడు మాత్రం అక్కడి మాట బయటపడేది.

అవి తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు మీద కూర్చున్న రోజులు. నేనూ కూర్చున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మా యాసను సినిమాల్లో రౌడీకో, నవ్వించేవాడికో పెడితే, టికెట్ కొనుక్కుని హాల్లో కూర్చుని మేమే నవ్విన వయసు నాది. ఆ సిగ్గు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక నిద్ర పట్టనివ్వలేదు. కాబట్టి ఈ కథలో నేను ఉద్యమానికి అవతల నిలబడి మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను లోపలివాణ్ణే. అందుకే నోరు ఇంకా చేదుగా ఉంది.

పాలకుర్తి దగ్గరి ఊరి నుంచి ఒకాయన తన తెల్ల డీజిల్ కారును గుంజుకొచ్చాడు. కిరాయి బండి. పెళ్ళిళ్ళకు, దవాఖానకు, డోర్నకల్ స్టేషన్‌కు తిప్పుకుంటూ ఇల్లు నడుపుకునే మనిషి. ఆ స్టేషన్ నుంచి వస్తుంటే దారిలో రేడియేటర్ ఎండిపోయి ఇంజిన్ పట్టేసింది. పిస్టన్లు సిలిండర్ గోడలను గీకేశాయి. నేను విప్పాను, మాస్టర్ బోరు కొట్టాడు, కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ తొడిగే కొత్త రింగులు తెప్పించి మళ్ళీ నేనే బిగించాను. స్టార్ట్ చేస్తే చప్పుడు ముద్దొచ్చేలా ఉంది. ఓనరు బానెట్‌కు దండం పెట్టి, పసుపు కుంకుమ అంటించాడు.

"కొత్త ఇంజినంటె బాలెంత గద మాస్టర్. జర పైలంగ చూసుకోవాలె" అన్నాడు.

ఇది మా వైపు డ్రైవర్లందరికీ ఉన్న నమ్మకం. రీబోర్ చేసిన బండిని బాలింతను చూసినట్టు చూస్తారు. బరువు వేయరు, మెల్లగా నడుపుతారు, ఆగిన చోటల్లా ఇంజిన్ ఆపకుండా స్లోలో పెట్టి వదిలేస్తారు. ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమతోనే దాన్ని చంపుతారు.

"బాలెంత కాదయ్యా, కొత్త కోడె అది" అన్నాడు మాస్టర్. "కాడి కట్టకుంటె దారికి రాదు. నలుగుర్ని ఎక్కించుకొని రేపే భూపాలపల్లి పోయిరా. రేసు గుంజకు. గని ఊకె స్లోల మాత్రం నిలవెట్టకు. ఇన్నవా?"

ఓనరు తలూపాడు. ఆ తలూపుడు నాకు నచ్చలేదు. పెద్దవాళ్ళ మాట విన్నట్టు ఊపి, ఇంటికి పోయి తన ఇష్టం చేసుకునే తలూపుడు అది.

మాస్టర్ ఎందుకలా అన్నాడో పిల్లలకు చెప్పాలి. కొత్త బోరు గోడ మీద అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు వేస్తారు. చేత్తో తడిమితే గరుకు తెలియాలి. బండి బరువు లాగుతున్నప్పుడు మంట ఒత్తిడికి రింగులు గోడకు అదుముకుని, ఆ గరుకు మీద రాసుకుని, ఒకదానికొకటి అమరుతాయి. మొదట్లోనే జరగాలి ఆ పని. స్లోలో గంటలకొద్దీ నడిపితే ఒత్తిడి ఉండదు. గోడ మీది ఆయిల్ మాడి, వార్నిష్ పూసినట్టు నునుపెక్కి మెరుస్తుంది. ఇక రింగులు దాని మీద జారుతాయే తప్ప పట్టవు. పైనున్న మంట గాలి కిందికి దిగుతుంది, కిందున్న ఆయిల్ పైకెక్కి నీలం పొగగా కాలుతుంది. దీన్ని మేం బ్యాక్ కంప్రెషన్ కొడుతోందంటాం. పుస్తకాల్లో బ్లోబై అని ఉంటుందట.

ఓనరు భూపాలపల్లి పోయాడు. నలుగురిని ఎక్కించుకుని కాదు, బండి నెత్తిన మైకు కట్టుకుని. కొత్త ఇంజిన్‌తో కిరాయికి పోకుండా, మొదటి నాలుగు వారాలూ ఉద్యమానికి ఇచ్చేశాడు బండిని. పైసా తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. బాలింతకు విశ్రాంతీ అయ్యింది, ఉద్యమానికి సేవా అయ్యింది అనుకుని ఉంటాడు. జనగామలో ఊరేగింపు ముందు మనుషుల నడకతో పాటు నడిచింది. మహబూబాబాద్‌లో దీక్షా శిబిరం పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లోలో కొట్టుకుంటూ నిలబడింది. ఇంజిన్ ఆపితే మైకుకు బ్యాటరీ దిగిపోతుంది మరి. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల సభ దగ్గర కూడా అదే కథ. ఒకసారి శిబిరం దగ్గర నేనే చూసి, "ఇంజిన్ బంద్ పెట్టు, ఖరాబైతది" అంటే, "పాటలు బంద్ అయితయి భాయ్" అని నవ్వాడు.

జనగామలో పెద్ద ఊరేగింపు జరిగిన రోజు ఆ పొగ అందరికీ కనబడింది. కారు ముందు, ఉద్యమ కమిటీ నాయకుడు దాని పక్కన, వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు. చౌరస్తా దాటేసరికి వెనకనుంచి నీలం పొగ తెరలు తెరలుగా లేచింది. ఒక అవ్వ బోనం దించి దగ్గుతూ, "ఎవని బండిరా గిది, పానం పోతాంది" అని తిట్టింది. ఎవడో కుర్రాడు, "పోలీసోల్లకు పని తప్పింది, టియర్ గ్యాస్ మనమే తెచ్చుకున్నం" అన్నాడు. రోడ్డంతా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నాయకుడు నవ్వలేదు.

"కొత్తగ చేసిన ఇంజిన్ గదా? బోరు ఎవలు కొట్టిన్రు?" అని అడిగాడు.

ఓనరు చెప్పాడు. లేత్ మాస్టర్ అన్నాడు. ఆంధ్రాయన అని పక్కనున్నవాడెవడో పూర్తి చేశాడు. నవ్వులు అక్కడితో ఆగిపోయాయి.

సాయంత్రానికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి. ఉద్యమం బండి అని తెలిసే బోరు వంకరగా కొట్టాడన్నారు. రింగుల్లో ఏదో పొడి వేశాడన్నారు. మర్నాడు కమిటీవాళ్ళు గుంపుగా మాస్టర్ షాపుకు వచ్చారు. నేను పరుగున పోయేసరికి ఆయన మిషన్‌కు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె గుడ్డ. తుడిచిన చేతులనే దానితో మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"కావాలని ఖరాబ్ చేసినవా లేదా?" అని నాయకుడు.

"నేనేం చెయ్యలేదండీ. నా పిల్లల మీద ఒట్టండీ" అన్నాడు మాస్టర్.

ఇన్నేళ్ళు దాచుకున్న మాట, భయంతో బయటికొచ్చేసింది. ఆ అండీ వినగానే గుంపులో ముఖాలు మారాయి. చూశారా, మేం చెప్పలేదా అన్నట్టు. షాపుకు తాళం వేయమని ఎవరో అరిచారు. ఆయనకు ఆ షాపు తప్ప వేరే బతుకు లేదు. ఆయన పిల్లలు ఈ ఊరి బడిలో చదువుతున్నారు. నేను మధ్యలోకి పోయాను.

"ఇంజిన్ విప్పుత. అందరి ముంగట విప్పుత. తప్పు ఎవల్దో గదే చెప్తది" అన్నాను.

నాయకుడు కొంచెం ఆలోచించాడు. అతను చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న మనిషి. "మంచిది భాయ్. తప్పు ఆయనది కాదని తేలితె ఆయన జోలికి రాం. ఆయనదే అయితె షాపు బంద్. ఇది నా మాట" అన్నాడు. అందరూ విన్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇంజిన్ గురించి మాట ఇచ్చారు కాబట్టి ఇక ఇంజిన్ చూసుకుంటుందనుకున్నాను. మెకానిక్ బుద్ధి మరి.

విప్పే ముందు చూడాల్సినవి చూశాను. స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీస్తే, రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ కొట్టింది. గాలి బయటికి పోయే గొట్టం మూసుకుపోతే కూడా ఇలా అవుతుంది కాబట్టి అది విప్పి ఊది చూశాను, బాగానే ఉంది. తర్వాత నాలుగు సిలిండర్లకూ గేజీ పెట్టి కంప్రెషన్, అంటే లోపల గాలి ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూశాను. నాలుగూ తక్కువే, నాలుగూ దాదాపు ఒకటే. అక్కడే నాకు సగం తెలిసిపోయింది. రింగు విరిగితే ఒకటి పడిపోతుంది, బోరు వంకరైతే ఏదో ఒకటి తేడా చూపిస్తుంది. నాలుగూ ఒకేలా చచ్చాయంటే, నాలుగూ ఒకే తిండి తిన్నాయన్నమాట. ఒక్కో దాంట్లో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ పట్టాను. ఆయిల్ రింగుల పక్క సందు మూయగానే కంప్రెషన్ లేచింది. వాల్వులు పోతే అలా లేవదు. రోగం రింగులకూ గోడకూ మధ్యనే ఉంది.

విప్పే రోజు నా షెడ్డు ముందు తిరునాళ్ళలా ఉంది. కమిటీవాళ్ళు, డ్రైవర్లు, టీ బండివాడు అందరూ చేరారు. మాస్టర్ ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన్ను పని ముట్టుకోవద్దన్నారు. హెడ్డు దించాను, కింద ఆయిల్ చాంబర్ దించాను, పిస్టన్లు ఒక్కొక్కటే బయటికి లాగాను. రింగులు మార్కు పైకే ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు కొలిచి పక్కనున్న డ్రైవర్లకు చూపించాను, సరిగ్గా ఉంది. వంకర లేదు, పొడి లేదు, గాటు లేదు.

తర్వాత టార్చి వేసి బోర్లు చూపించాను. నాలుగూ ధగధగా మెరుస్తున్నాయి. జాగ్రత్తగా చూస్తే ఆ మెరుపు కింద మాస్టర్ వేసిన గీతలు సన్నగా, చక్కగా కనిపిస్తున్నాయి.

నాయకుడు వంగి చూశాడు. "అద్దం లెక్కున్నది గదా భాయ్. మరి రోగమేడిది?"

"గా అద్దమే రోగం" అన్నాను. "గిది మెరువొద్దు. బరువు లేకుంట దినాలకు దినాలు స్లోల నడిస్తె గిట్లయితది. ఊరేగింపులల్ల, శిబిరాల కాడ ఇంజిన్ బంద్ పెట్టలే. బోరు కొట్టినాయన తప్పేం లేదు, ఆయన ముందే చెప్పిండు. మల్ల జర గరుకు పట్టించి, కొత్త రింగులు ఏసి, నిండ మందిని ఎక్కించి తోల్తె పొగ పోతది."

నేను గెలిచాననుకున్నాను. ఒక్క క్షణం అక్కడున్న డ్రైవర్లు కూడా తలలూపారు. అప్పుడు నాయకుడు నిటారుగా నిలబడి, మెల్లగా అడిగాడు.

"అంటె, ఉద్యమం చేసుడుతోని బండి ఖరాబైందంటవా?"

నేను అన్నది అది కాదు. కాని వాళ్ళకు వినబడింది అదే. గుంపులో గొణుగుడు మొదలైంది. "నువ్వెవల దిక్కు భాయ్?" అన్నాడొకడు. నాతో పాటు రోడ్డు మీద కూర్చుని, నా ప్లేట్లో అన్నం తిన్నవాడే. నేను ఓనరు వైపు తిరిగాను. ఇక మిగిలింది అతనొక్కడే.

"నువ్వు చెప్పు. స్లోల నిలవెట్టద్దని మాస్టర్ చెప్పిండా లేదా? నువ్వు నిలవెట్టినవా లేదా?"

అందరూ అతన్నే చూస్తున్నారు. అతను నాయకుణ్ణి చూశాడు, మాస్టర్‌ను చూడలేదు. "నాకు ఏం చెప్పలే. నేను మంచిగనే నడిపిన" అన్నాడు.

మాస్టర్ స్టూలు మీంచి లేచి, షాపుకు వెళ్ళిపోయాడు.

ఆయన షాపుకు ఎవరూ తాళం వేయలేదు. ఆ అవసరం రాలేదు. పని తెచ్చేవాళ్ళే రాలేదు. బ్లాకును వరంగల్ పట్టుకుపోయి, అక్కడ మళ్ళీ పెద్ద సైజు బోరు కొట్టించారు. మళ్ళీ గరుకు గీస్తే పోయేదానికి గోడే కోసేశారు. అది బిగించి తెచ్చిన వారంలోనే సమ్మె వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఇక చూడండి తమాషా. జనానికి వేరే దిక్కు లేక ఆ కారులో ఇరుక్కుని, డిక్కీలో కూర్చుని, డోరుకు వేలాడి పోయారు. భూపాలపల్లికి, మహబూబాబాద్‌కు, పొద్దున్నే మొదలుపెడితే ఇల్లు చేరేదాకా బరువే బరువు. రింగులు హాయిగా అమరిపోయాయి. పొగ నుసి కూడా లేదు. మాస్టర్ చెప్పిన మందే అది, అక్షరం తప్పకుండా వేశారు. ఊళ్ళో మాత్రం, "సూసినవా, వరంగల్ల కొట్టిస్తె మంచిగైంది. గాయినె ఖరాబ్ చేసిండు" అనుకున్నారు. నేను ఎదురు చెప్పడానికి పోతే, పొగ రాని బండి నా ముందునుంచే హారన్ కొట్టుకుంటూ పోయేది.

మాస్టర్ మిషన్ అమ్మేశాడు. సామాను లారీ ఎక్కిస్తుంటే పోయి, "ఉండు మాస్టర్. నాలుగు దినాలైతె అందరు మర్శిపోతరు. నేనున్న గదా" అన్నాను.

ఆయన కోపంగా ఏమీ అనలేదు. "భాయ్, ఇంజిన్ విప్పి సూపించినవు. నన్నెట్ల విప్పి సూపిస్తవు?" అన్నాడు. ఆ మాట మా యాసలోనే అన్నాడు. అప్పటికి ఆయనకు భయం పోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏం చేయాలో తెలియక లారీ తాళ్ళు బిగించాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేనూ రోడ్డు మీద గంతులేశాను, రంగులు పూసుకున్నాను. సంతోషం అబద్ధం కాదు. దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే ఇవాళ్టికీ ఊరుకోను. ఆ మధ్యాహ్నం కారు ఓనరు స్వీట్ల డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ముఖం నిండా గులాల్. బెంచీ మీద కూర్చుని, డబ్బాకు కట్టిన దారం విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉన్నాడు.

"భాయ్, మాస్టర్ నాకు చెప్పిండు. నేనే నిలవెట్టిన" అన్నాడు చివరికి. "గంత మందిల, ఊరేగింపులల్ల తిప్పుడుతోని ఖరాబైందని ఎట్లంటనే? ఉద్యమం మీద మాట పడ్తదనుకున్న."

"మనిషి మీద పడ్డది గదరా" అన్నాను.

అతను తల దించుకున్నాడు. మాస్టర్ నంబర్ ఉందా, ఒక్కసారి మాట్లాడతానన్నాడు. నేనే ఫోన్ కలిపి, ఎవరు మాట్లాడతారో చెప్పి, నాకూ వినబడేలా స్పీకర్‌లో పెట్టి అతని చేతికిచ్చాను. అవతల ఏదో లేత్ తిరుగుతున్న మోత వినబడుతోంది.

"బండి ఎట్లుంది?" అన్నాడు మాస్టర్. "పొగ వస్తలేదు గదా?"

"లేదు మాస్టర్."

"లోడు తోల్తున్నవా?"

"తోల్తున్న."

"గంతే. దానికి గదే కావాలె" అని పెట్టేశాడు.

ఓనరు ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అడిగినదానికి జవాబు చెప్పాడు, చెప్పడానికి వచ్చింది చెప్పలేకపోయాడు. మళ్ళీ కలపమని అతను అనలేదు. కలపనా అని నేనూ అడగలేదు. స్వీట్ల డబ్బా బెంచీ మీద పెట్టి లేచి పోయాడు.

నేను దాన్ని ముట్టుకోలేదు. చీమలు పట్టాక తీసి బయట పారేశాను. డాక్టరు వద్దన్నాడని కాదు, అప్పటికింకా నాకు షుగర్ రాలేదు.